కదలని కారు చెడుటేల?

నడిపినకొలది యంత్రము అరిగిపోవునన్నది అందరెరిగిన విషయమే. చక్రములు తిరిగినకొలది టైర్లు అరుగును. పిస్టన్లు ఆడినకొలది సిలిండర్లు అరుగును. గేర్ల పండ్లు ఒకదానితో నొకటి ఒరసికొన్నకొలది నునుపెక్కి పలుచనగును. అట్లయినచో, బండిని నడపక, ఎండవానలు సోకని కొట్టములో నిలిపి, పైన పట్టా కప్పి యుంచినప్పుడు, అది ఎన్నియేండ్లకైనను ఉంచినది ఉంచినట్లే యుండవలెను గదా? కాని యిరువది సంవత్సరముల తరువాత ఆ కొట్టము తలుపు తీసినవారికి కనబడునది వేరు. కాళ్లు పెట్టుకొను నేలరేకు చిల్లులు పడియుండును, బ్రేకు పెడలు కదలదు, ఇంజను బిగిసి రాయివలె నుండును, పెట్రోలు ట్యాంకు మూత తీయగానే వార్నీషు కంపు కొట్టును. ప్రతిరోజు నడచిన కారుకంటె కదలక నిలిచిన కారు ఎక్కువగా చెడిపోవుటేల? పాతబండిని ఇంటివద్దనే బాగుచేసికొనవలెనని ముచ్చటపడు ప్రతివానికిని మొట్టమొదట కలుగు సందేహమిదియే. దీనికి సరియైన సమాధానము తెలిసికొన్నవానికి మరమ్మతులో సగము మార్గము తెలిసినట్లే.

ఆబింగ్డన్‌లో పుట్టిన బండి

మాట గాలిలో తేలిపోకుండ ఒక నిజమైన కారును ఎదుట నిలుపుకొందము. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు నగరమునకు కొలదిదూరములో నున్న ఆబింగ్డన్ పట్టణమున, 1962 మొదలుకొని 1980 వరకు, ఎం.జి.బి. అను పేరుగల చిన్న క్రీడాశకటము, అనగా స్పోర్ట్స్ కారు, తయారయ్యెను. ఇద్దరు కూర్చుండుటకు మాత్రమే చోటుండి, పైకప్పు మడిచివేయుటకు వీలై, నేలకు మిక్కిలి దగ్గరగా పరుగెత్తు ఆ బండ్లు, పైకప్పు స్థిరముగా బిగించిన రకముతో కలిపి, మొత్తము 5 లక్షలకు పైగా వెలువడినవి. వానిలో అధికభాగము అమెరికాకు ఎగుమతియైనవి. ఇంటి పెరటిలో పాతకారును పునరుద్ధరించువారు ఈ బండిని విశేషముగా ఎన్నుకొనుటకు కారణము దీని సౌందర్యమొక్కటే కాదు. దీని నిర్మాణము సరళము. లోపల కంప్యూటర్లు లేవు. విడిభాగములు దాదాపు అన్నియు నేటికిని క్రొత్తవి దొరకును. అంతేకాదు, 1988 నుండి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థవారు నాటి అసలు అచ్చులతోనే దీని శరీరమును మరల పోతపోసినట్లు తయారుచేసి విక్రయించుచున్నారు.

ఈ బండికి మనతో ఒక చుట్టరికము కూడ కలదు. ఎం.జి. అనునది ఆక్స్‌ఫర్డులోని మారిస్ గ్యారేజీల పేరునకు పొడియక్షరములు; ఆ మారిస్ వంశమునుండియే మన అంబాసిడరు కారు పుట్టినది. ఎం.జి.బి.లో నున్న 1798 ఘన సెంటీమీటర్ల ఇంజనును, చిరకాలము అంబాసిడరులో నున్న 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనును, బి-శ్రేణి యనబడు ఒకే కుటుంబములోని తోబుట్టువులు. విజయవాడ ఆటోనగరులో అంబాసిడరు ఇంజను విప్పి బిగించిన మేస్త్రీకి ఎం.జి.బి. బానెట్టు ఎత్తి చూపినచో, అతడు తనకు తెలిసిన ఇంటిలో అడుగుపెట్టినట్లే తలచును.

దీని శరీరమును గూర్చిన ఒక సంగతి మాత్రము గట్టిగా గుర్తుంచుకొనవలెను. దీనికి ముందు వచ్చిన ఎం.జి.ఏ. అను బండికి క్రింద దృఢమైన ఇనుపచట్రము వేరుగా నుండెను. శరీరము ఆ చట్రముమీద కూర్చుండెడిది. ఎం.జి.బి.లో అట్టి చట్రము లేదు. సుమారు ఒక మిల్లీమీటరు మందముగల రేకులను పెట్టెలుగా మడిచి, వెల్డింగుచే అతికి, ఆ పెట్టెల కూర్పునే బండికి వెన్నెముకగా చేసిరి. ఇంగ్లీషున మోనోకాక్ అని వ్యవహరింపబడు ఈ పద్ధతిని మనము ఏకకోశ నిర్మాణమనవచ్చును. చట్రమున్న బండికి పైరేకు తుప్పుపట్టిన అందము చెడును; ఏకకోశమునకు తుప్పుపట్టిన బలమే చెడును. ఈ భేదము తెలియక, పైన లప్పము పూసి, రంగు వేసి, మెరుగుపెట్టి సంతోషించువారు తమ ప్రాణములను ఒక కాగితపు పెట్టెకు అప్పగించుచున్నారని చెప్పక తప్పదు.

నీటిబొట్టు క్రింద జరుగునది

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. ఇనుము తుప్పుపట్టుటకు నీరును గాలియు కారణములని బడిపిల్లలకు కూడ తెలియును. కాని అవి రెండును కలసి ఏమి చేయుచున్నవో తేటగా చూపినవారిలో అగ్రగణ్యుడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన యు. ఆర్. ఇవాన్స్. ఆయన ప్రయోగము మిక్కిలి సరళమైనది. శుభ్రపరచిన ఇనుపరేకుమీద ఒక ఉప్పునీటి బొట్టు నుంచుట. ఇనుము కరగినచోట నీలిరంగును, క్షారము పుట్టినచోట గులాబిరంగును చూపు రెండు రసాయనములను ఆ బొట్టులో ముందుగా కలిపియుంచుట. కొంతసేపటికి బొట్టు నడుమ నీలిరంగును, అంచుచుట్టు గులాబిరంగును, రెంటికి మధ్య గోధుమరంగు తుప్పువలయమును ఏర్పడును.

దీని భావమేమి? బొట్టు అంచున నీరు పలుచన గనుక గాలిలోని ప్రాణవాయువు అక్కడ సమృద్ధిగా చేరును; నడుమ నీరు లోతుగనుక ప్రాణవాయువు కొరవడును. సామాన్యబుద్ధికి తోచునట్లైన, గాలి ఎక్కువగా తగులు అంచుననే ఇనుము తినివేయబడవలెను. జరుగునది దానికి విరుద్ధము. గాలి అందని నడిబొడ్డుననే ఇనుము కరగిపోవుచున్నది. అంచున నున్న ఇనుము సురక్షితముగా నున్నది.

ఈ వింతను అర్థము చేసికొనుటకు చేతిటార్చిలో వేయు బ్యాటరీని తలచుకొనుడు. దాని బయటి గిన్నె తుత్తునాగముతో, అనగా జింకుతో, చేయబడినది. నడుమ బొగ్గుకడ్డీ యుండును. రెంటికి మధ్య తడిముద్ద యుండును. మీట నొక్కగానే జింకులోని ఎలక్ట్రానులు గిన్నెనుండి బయలుదేరి, బల్బు గుండా నడచి, బొగ్గుకడ్డీని చేరును. ఎలక్ట్రానులను కోల్పోయిన జింకు కొంచెము కొంచెముగా కరగి ముద్దలో కలసిపోవును. పాతబడిన బ్యాటరీ గిన్నెకు చిల్లులుపడి టార్చిలోపల కారుట మీరు చూచియే యుందురు. ఆ చిల్లులు వెలుగునకు చెల్లించిన మూల్యమే. ఇనుపరేకుమీది నీటిబొట్టు కూడ సరిగా ఇట్టి బ్యాటరీయే. గాలి అందని నడిబొడ్డు జింకుగిన్నె స్థానమున నుండి ఎలక్ట్రానులను ఇచ్చివేసి కరగును, దీనిని క్షయధ్రువమందము. గాలి అందు అంచు బొగ్గుకడ్డీ స్థానమున నుండి ఆ ఎలక్ట్రానులను ప్రాణవాయువునకు అందించును, దీనిని రక్షితధ్రువమందము. నీరు ముద్దపని చేయును. ఉప్పు ఆ నీటిలో విద్యుత్తు సులభముగా ప్రవహించునట్లు చేయును. టార్చికిని దీనికిని ఉన్న భేదమొక్కటే: టార్చికి మీట గలదు, దీనికి లేదు. రెండు ధ్రువములును ఒకే రేకులో నుండుటచేత తీగె ఎల్లప్పుడును కలిపియే యుండును. ముద్ద ఎండిపోయిననే ఈ బ్యాటరీ ఆగును.

ఆ ముద్ద ఎండిపోకుండుటకు కొట్టములో నిలిచిన కారుకంటె అనువైన స్థలము మరియొకటి లేదు. నడచు బండిలో ఇంజను వేడికి నూనెలోని తేమ ఆవిరియై పోవును, పొగగొట్టము ఎండును, గాలి విసురు పెట్టెరేకుల సందులను ఆరబెట్టును. నిలిచిన బండికి ఈ ఉపకారములేవియు లేవు. మట్టినేలనుండి రాత్రియు పగలును తేమ పైకి వచ్చుచుండును. తెల్లవారిన పిమ్మట గాలి వెచ్చబడుచుండగా చల్లగానే యున్న ఇనుముమీద మంచు కట్టును. పైన బిగువుగా కప్పిన ప్లాస్టికు పట్టా ఆ మంచును బయటికి పోనీయదు. బ్రిటిషు శాస్త్రజ్ఞుడు డబ్ల్యు. హెచ్. జె. వెర్నన్ కల్మషమున్న గాలిలో ఇనుమును పరీక్షించి, గాలితేమ సుమారు 60 శాతమునకు లోబడియున్నంతవరకు తుప్పు మందగమనముననే యుండి, ఆ మేర దాటగానే ఉవ్వెత్తున పెరుగునని చూపెను. ఇంగ్లండు శీతకాలమున ఈ మేర దాటని దినములు అరుదు. మన విశాఖపట్టణపు సముద్రతీరమున కూడ సంవత్సరములో అధికభాగము తేమ ఇంతకు మించియే యుండును. పైగా ఇంగ్లండున మంచు కరగుటకై రోడ్లమీద ఉప్పు చల్లుదురు. శీతకాలము చివర ఆ ఉప్పుబురద కడుగకయే కొట్టములో పెట్టిన బండి గతి చెప్పనక్కరలేదు.

తలుపు క్రింది పెట్టెదూలము

ఇవాన్స్ చూపిన బొట్టును మనసులో నుంచుకొని ఎం.జి.బి. క్రిందికి వంగి చూడుడు; తుప్పు ఎక్కడ దాగియుండునో ఎవరును చెప్పకయే తెలియును. ముందుచక్రముల వెనుక, మడ్‌గార్డు లోపలి గూటిలో, చక్రము విసరిన బురద ముద్దకట్టి నిలుచును. ఆ ముద్ద అంచునకు గాలి అందును, లోపలికి అందదు. కావున లోపలి రేకు హరించిపోవును. సీట్ల వెనుక గూళ్లలో బ్యాటరీలు కూర్చుండును. 1974 వరకు వచ్చిన బండ్లలో ఇవి ఆరేసి వోల్టులవి రెండు. వాని ఆమ్లము చిందిన గూడు నిలువదు. పెట్రోలు ట్యాంకునకును డిక్కీ నేలకును నడుమ నున్న ఇరుకుసందులో తేమ చేరి ట్యాంకును పైభాగమునుండి తినివేయును.

అన్నిటికంటె ముఖ్యమైనది తలుపుల క్రింద ఇరుప్రక్కల పొడుగునను సాగు పెట్టెదూలము. ఇంగ్లీషున దీనిని సిల్ అందురు. పైకప్పులేని బండికి ముందుభాగమును వెనుకభాగమును కలిపి నిలుపునది ప్రధానముగా ఈ దూలముల జతయే. ఇది ఒక్క రేకు కాదు: బయటి రేకు, నడుమ నిలువురేకు, లోపలి రేకు, అడుగున కోటగోడ పళ్లవలె మడిచిన మరియొక రేకు. రేకుమీద రేకు ఆనినచోటనెల్ల తేమ దూరును, గాలి దూరదు. అనగా ప్రతి అతుకును ఒక బ్యాటరీయే. పుట్టిన తుప్పు ఇనుముకంటె అనేకరెట్ల స్థలమాక్రమించుటచేత రేకులను విడదీసికొని ఉబ్బును, ఆ సందులో మరికొంత నీరు చేరును. నీరు కారిపోవుటకై అడుగున వదలిన చిల్లులు బురదతోనో, తెలియక పూసిన తారుతోనో పూడిపోయినచో నాశనము సంపూర్ణము.

బండి కొనబోవువాడు తలుపు తెరచి, మూసి, దాని చుట్టునున్న సందును చూడవలెను. సందు పైభాగమున ఇరుకై క్రిందిభాగమున వెడల్పైనచో బండి నడుము వంగినదని యర్థము. ఒక చిన్న అయస్కాంతమును గుడ్డలో చుట్టి దూలముమీద జరుపవలెను; అది పట్టువిడచినచోట నున్నది లప్పము, ఇనుము కాదు.

మరమ్మతు చేయువాడు పాటింపవలసిన క్రమమును గూర్చి నా అభిప్రాయము దృఢమైనది. ఇంజను తరువాత, రంగు అన్నిటికి చివర, దూలములు మొట్టమొదట. ఇంజను పలుకగానే కలుగు ఉత్సాహముతో ముందు దానినే విప్పి, శరీరము సంగతి పిమ్మట చూచుకొందమనుకొన్నవారి బండ్లు అర్ధాంతరముగా నిలిచిపోవుట తరచు. ధనమును ఓపికయు ఇంజనుమీద కరిగిపోయి, నిలుచుటకు నడుములేని బండి మిగులును. దూలమును కోయుటకు ముందు తలుపు ద్వారములకు అడ్డముగా ఇనుపకడ్డీ వెల్డు చేసి బిగింపవలెను; లేనియెడల కోసిన మరుక్షణమే శరీరము వంగి, ఆ వంకరలోనే క్రొత్త దూలము అతుకుకొని, తలుపు ఇక జన్మలో సరిపడదు. ఒక ప్రక్క పూర్తిగా ముగించి, తలుపు బిగించి చూచి, తరువాతనే రెండవ ప్రక్కకు పోవలెను. తుప్పురేకుమీద మంచిరేకు కప్పి అతుకుట ఎన్నడును తగదు. అది రెండు రేకుల నడుమ క్రొత్త బ్యాటరీని ఏర్పరచుటయే. మెరయు ఇనుము కనబడువరకు కోసివేసి, అంచునకు అంచు చేర్చి అతుకవలెను. పలుచని రేకు వేడికి మెలికపడును గనుక వెల్డింగును ఏకధారగా లాగక, ఇక్కడొక చుక్క అక్కడొక చుక్కగా పెట్టుచు, నడుమ చల్లారనిచ్చుచు పోవలెను. పెట్రోలు ట్యాంకును అంతకుముందే విప్పి దూరముగా ఉంచవలెను. ఖాళీ ట్యాంకులోని ఆవిరి నిండు ట్యాంకుకంటె ప్రమాదకరము. కేవలము జాకీమీద నిలిచిన బండి క్రిందికి ఎవరును దూరరాదు. గట్టి ఇనుపస్టాండులు నాలుగు లేనివాడు ఈ పని మొదలుపెట్టనే రాదు.

తుప్పును వెనుకకు మరల్చుట

తుప్పు విద్యుత్తు వ్యవహారమైనప్పుడు, ఆ విద్యుత్తును ఎదురుదిశలో నడిపినచో ఏమగును? ఇదియే విద్యుద్విశ్లేషణము, ఇంగ్లీషున ఎలక్ట్రోలిసిస్. ప్లాస్టికు తొట్టిలో నీరు పోసి, దానిలో బట్టలసోడా కొలదిగా కరగించి, తుప్పుపట్టిన భాగమును బ్యాటరీ చార్జరు రుణతీగెకును, పనికిరాని ఇనుపముక్కను ధనతీగెకును తగిలించి, రెండును తాకకుండ ముంచవలెను. ఎలక్ట్రానులు ఇప్పుడు తుప్పుపట్టిన భాగమునకు ఎదురువచ్చి చేరును. ఎర్రతుప్పులో కొంత నల్లని ఇనుపభస్మముగా మారి, పుట్టు బుడగల తాకిడికి వదలి, బ్రష్షుతో రుద్దగానే ఊడిపోవును. పోయిన ఇనుము మాత్రము తిరిగిరాదు. చిల్లు చిల్లుగానే యుండును. మంచి ఇనుము అరగకుండుటయే దీని గొప్పతనము. గరుకుకాగితమునకు ఈ వివేకము లేదు.

జాగ్రత్తలు కొన్ని తప్పనిసరి. పుట్టు బుడగలలో హైడ్రోజను గలదు. నిప్పురవ్వ దగ్గరకు రారాదు, గది మూసి చేయరాదు. సోడాకు బదులు ఉప్పు వేసినచో విషమైన క్లోరిను వాయువు పుట్టును. ధనతీగెకు స్టెయిన్‌లెస్ స్టీలు తగిలించినచో నీటిలో క్రోమియము విషము చేరును. అల్యూమినియము భాగములను ఈ తొట్టిలో వేసిన కరగిపోవును. స్ప్రింగులను వేసిన హైడ్రోజను లోపలికి చొచ్చి పెళుసుబారును.

తొట్టిలో పట్టని పెద్దరేకుల మూలలకు వేరొక ఉపాయము కలదు. తుప్పుమార్పిడి మందులనబడు ద్రవములలో అనేకములకు ఆధారము టానిను అను వగరుపదార్థము. అది తుప్పుతో కలసి, నీటికి కరగని, గట్టిగా అంటుకొను నల్లని పొరగా మారును. ఈ రసాయనక్రియ మన కలంకారీ పనివారికి తరతరములుగా తెలిసినదే. శ్రీకాళహస్తిలో బట్టను మొదట కరక్కాయ రసమున తడిపి, ఇనుపతుక్కును బెల్లపునీటిలో పులియబెట్టిన ద్రవముతో దానిపై గీతలు గీయుదురు. కరక్కాయలోని టానినును ఇనుమును కలసి చెరగని నలుపగును. లండనులో డబ్బాలలో అమ్ము మందు నలుపును, కాళహస్తి గుడ్డమీది నలుపును రసాయనశాస్త్ర దృష్టికి ఒక్కటియే. అయితే ఈ మందు పైపొరను మాత్రమే మార్చును. పొరలుపొరలుగా లేచిన తుప్పును ముందుగా గీకివేయక పూసినచో ప్రయోజనము సున్న.

శుభ్రమైన ఇనుము తడిగాలిలో గంటలలోనే మరల ఎర్రబారును గనుక వెంటనే జింకు కలిసిన ప్రైమరు పూయవలెను. ఇనుముకంటె జింకు ఎలక్ట్రానులను సులభముగా ఇచ్చివేయును. అది తాను క్షయధ్రువమై ఇనుమును రక్షితధ్రువముగా నిలుపును. చేయి దూరని పెట్టెదూలముల లోపలికి, రంగు ఆరిన పిమ్మట, పొడవైన గొట్టముతో పలుచని మైనపుద్రవము చిమ్మవలెను. అడుగు చిల్లులు మాత్రము తెరచియే యుంచవలెను.

ఇంజను, పెట్రోలు, బ్రేకులు

బిగిసిన ఇంజను చూచి నిరాశపడనక్కరలేదు. సాధారణముగా పిస్టను వలయములు సిలిండరు గోడకు తుప్పుచే అతుకుకొనుటయే దానికి కారణము. ప్లగ్గులు విప్పి, తుప్పును చొచ్చు నూనెను రంధ్రములలో పోసి, కొన్నిదినములు నాననిచ్చి, ముందుకప్పీ మరకు స్పానరు తగిలించి అటునిటు మెల్లగా కదల్పవలెను. స్టార్టరుతో బలవంతము చేసిన వలయములు విరుగును. తిరిగిన తరువాత క్రొత్తనూనె పోసి, ప్లగ్గులు లేకయే తిప్పి, నూనె ఒత్తిడి ముల్లు లేచిన పిదపనే నిప్పు ముట్టింపవలెను.

పెట్రోలు అనేక ద్రవముల మిశ్రమము. అందులో తేలికైనవి ముందుగా ఆవిరియైపోవును, మిగిలినవి ప్రాణవాయువుతో కలసి బంకగా మారును. ఆ బంక కార్బురేటరుల సన్నని మార్గములలో పేరుకొనును. ఎం.జి.బి.కి గల ఎస్.యు. కార్బురేటరులు, స్కిన్నరు సోదరుల పేరునుండి వచ్చినవి, విప్పి కడుగుటకు మిక్కిలి సులభమైనవి. లోపలి పిస్టను పైకెత్తి వదలిన టక్కుమని క్రిందికి జారవలెను, అదే పరీక్ష. పాత రబ్బరుగొట్టములనన్నిటిని మార్చివేయవలెను. నేటి పెట్రోలులో కలియు ఇథనాలు, ఇంగ్లండున 10 శాతము వరకును, మనదేశమున 20 శాతము వరకును, ఆ కాలపు రబ్బరును మెత్తబరచి చీల్చును.

బ్రేకుల విషయములో మాత్రము పొదుపునకు తావులేదు. బ్రేకుద్రవము జలగ్రాహి, గాలిలోని తేమను తనంత తానే పీల్చుకొనును. డాట్ 4 రకపు క్రొత్త ద్రవము 230 డిగ్రీల సెంటిగ్రేడువరకు మరుగక నిలువవలెనని నియమము. సుమారు నాలుగు శాతము నీరు చేరినంతనే నియమించిన కనీసపుమేర 155కు దిగిపోవును. కొండదారిలో బ్రేకులు కాగినప్పుడు ఆ నీరు ఆవిరియై, పెడలు అడుగంట దిగి, బండి ఆగదు. ఏండ్లతరబడి నిలిచిన బండిలో ఆ నీరే సిలిండర్ల లోపల తుప్పుపట్టించి పిస్టన్లను బిగించును. కావున ద్రవము, రబ్బరు వాషర్లు, గొట్టములు, సిలిండర్లు, అన్నియు క్రొత్తవి వేయవలెను. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. ఆ పొడిని ఊదక, తడిగుడ్డతో తుడిచి పారవేయవలెను. టైరు గీతలు నిండుగా కనబడినను మోసపోరాదు. దానిప్రక్కన తయారైన వారమును సంవత్సరమును తెలుపు నాలుగంకెలు ముద్రింపబడియుండును. అంకెలు మూడే యున్నచో ఆ టైరు 2000 సంవత్సరమునకు ముందుది. అది ఎంత నల్లగా మెరసినను దానిపై బండి నడపరాదు.

మీ పెరటిలోనో, మీ తాతగారి కొట్టములోనో అట్టి బండి యొకటి, అది ఎం.జి.బి. కానిండు, పాత ఫియట్టు కానిండు, నిలిచియున్నచో, మరమ్మతు మొదలుపెట్టుటకు ధనమును తీరికయు నేడు లేకపోయినను సరే, ప్లాస్టికు పట్టాను మాత్రము నేడే తీసివేయుడు. లోపలి తివాచీలు ఎత్తి ఎండలో వేయుడు, బ్యాటరీ విప్పి బయట పెట్టుడు, దూలముల అడుగుచిల్లులను పుల్లతో పొడిచి తెరువుడు, చక్రపుగూళ్ల బురదను మంచినీటితో కడిగి ఆరనిండు. రంగు సంగతి వచ్చే యేట ఆలోచింపవచ్చును.